లేడి తలుపుల వీధి

ఇది చిన్న కథ. పొయ్యి మీద పెట్టిన పాలు పొంగేలోపు అయిపోతుంది. పిల్లలు ఆవలించకుండా, పెద్దలు అడ్డు తగలకుండా కూర్చుంటే ఇంకా ముందే అయిపోతుంది.

అనగా అనగా, అన్నవాళ్ళు పోయినా విన్నవాళ్ళు ఇంకా చెప్పుకుంటున్న ఒక రాజ్యం. పేరు పూసలమేడ. ఆ రాజ్యం ఎంత పెద్దదంటే, రాజుగారు తుమ్మితే పక్క రాజ్యంవాళ్ళు చిరంజీవ అనేవారు. రాజుగారికి సైన్యం ఉంది. ఆ సైన్యం పేరు తలారి ముసలప్ప. ముసలప్పకు ఒక మీసం ఉంది. రోజూ దానికి ఆముదం రాసి, ఎండలో నిలబడి, రెండు కొసలూ సమంగా ఉన్నాయో లేదో చూడమని దారినపోయే వాళ్ళందరినీ ఆపేవాడు. ఎడమది కాస్త పొట్టి అని ఎవరైనా అన్నారా, ఆ పూటకి రాజ్యానికి కాపలా లేనట్టే.

మీసం సంగతి అలా ఉంచుదాం. కథ మీసానిది కాదు, తలుపులది.

రాజుగారి తాతగారు ఆ ఊరు కట్టించేటప్పుడు ముందు ఒక ఇల్లు కట్టించి చూసుకున్నారు. బాగుందనిపించింది. మిగతావన్నీ అలాగే కట్టించేశారు. కొత్తగా ఆలోచించే అలవాటు ఆ వంశంలో లేదు. అన్నిటికీ ఒకటే ఎత్తు, ఒకటే అరుగు, ఒకటే కిటికీ. మొదట్లో మగవాళ్ళు పొలం నుంచి వచ్చి ఎవరింట్లో పడితే వాళ్ళింట్లో కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చునేవారట. ఇది బాగుండలేదని ఆడవాళ్ళందరూ కలిసి తలుపుల మీద బొమ్మలు వేయించారు. గుర్రం తలుపు, నెమలి తలుపు, చేప తలుపు. అప్పటినుంచి ఆ ఊళ్ళో ఇంటికి గుర్తు తలుపు మీది బొమ్మే. దారి చూపించడానికి ఎవరూ వెంట రారు. తలుపు పేరు చెప్పి తమ పనికి తాము పోతారు. అదే అక్కడి మర్యాద.

ఈ బొమ్మలన్నీ వేసేది వరాలమ్మ. అంతకుముందు వాళ్ళమ్మ వేసేది. వరాలమ్మ ఇంటి పక్కన పొడుగాటి గోడ ఒకటి ఉండేది. మనసుకు ఏ కొత్త బొమ్మ తోచినా ముందు ఆ గోడ మీద వేసేది. గోడకు గడియ లేదు, తాళం లేదు. ఎవరైనా వచ్చి ఎంతసేపైనా చూడవచ్చు. చూస్తే ఆవిడకు సంతోషం కూడాను. ఆ బొమ్మ తమ తలుపు మీద కావాలంటే మాత్రం అడగాలి. ఆవిడ సరేనంటే కుంచెలు పట్టుకుని వచ్చి వేసేది. ఒక తలుపు మీద వేసిన బొమ్మ ఇంకో తలుపు మీద వేసేది కాదు. అందుకు ఇంత వడ్లు, నాలుగు కూరగాయలు ఇచ్చేవారు. ఆవిడ పొయ్యి అలా వెలిగేది.

ఇప్పుడు మన చిట్టెయ్య దగ్గరికి వద్దాం. బెల్లం చిట్టెయ్య అంటారు. మంచి మనిషి, బెల్లం విషయంలో తప్ప. కొట్లోకి వచ్చిన చీమలకు కూడా పేర్లు పెట్టి, పేరుపేరునా మందలించేవాడు. అతని తలుపు మీద తాతల నాటి గుమ్మడికాయ ఉండేది. నాన్ననూ గుమ్మడికాయ తలుపు వాడన్నారు, అతన్నీ అన్నారు. చిట్టెయ్య పొట్ట చూసినవాళ్ళు ఆ మాట కాస్త నవ్వుతూనే అనేవారు.

పెళ్ళయిన చాలాకాలానికి అతని భార్య సీతాలు కడుపుతో ఉంది. నెలలు నిండుతున్న కొద్దీ చిట్టెయ్యకు కంటి మీద కునుకు లేదు.

"నా బిడ్డను గుమ్మడికాయ తలుపు పిల్ల అంటారా?" అన్నాడు.

"అంటే ఏమయింది? నన్ను గుమ్మడికాయ తలుపు కోడలంటున్నారు, అరిగిపోయానా?" అంది సీతాలు.

సరిగ్గా ఆ రోజుల్లోనే వరాలమ్మ గోడ మీద ఒక లేడిని వేసింది. గడ్డిలో నిలబడి, మెడ వెనక్కి తిప్పి, వెనక తడబడుతూ వస్తున్న పిల్లను చూసుకునే తల్లి లేడి. ఆ చూపు చూసి ఊళ్ళో అత్తలు కోడళ్ళతో రెండు రోజులు మంచిగా మాట్లాడారు. మూడో రోజుకు సర్దుకున్నారు.

చిట్టెయ్య ఆ లేడిని చూశాడు. ఇంకేమీ చూడలేకపోయాడు.

"వెళ్ళి అడుగు. వరాలమ్మక్క కాదంటుందా?" అంది సీతాలు.

"అడగడమెందుకే? వీధిలో పెట్టింది కదా. చూసుకో అని పెట్టింది. చూసుకుని వచ్చి మన తలుపు మీద నేనే వేసుకుంటాను. అమ్ముకోవడానికా? మన సొంతానికి."

"మన కొట్లో బెల్లం కూడా వీధికే పెట్టావు. ఎవరైనా ముక్క తుంచి నోట్లో వేసుకుంటే ఊరుకుంటావా?"

"అది వేరు. బెల్లం తీస్తే గడ్డ తగ్గుతుంది. బొమ్మ తీస్తే గోడ మీద బొమ్మ గోడ మీదే ఉంటుంది. ఆవిడకు పోయిందేమిటి?"

సీతాలు చేట అందుకుని బియ్యం చెరగడానికి పోయింది. ఆ మాటకు జవాబు తోచక చాలామంది పెద్దలు కూడా గడ్డాలు నిమురుకున్నారు. మనం ఆవిడను ఏమీ అనకూడదు.

మిట్టమధ్యాహ్నం వరాలమ్మ కునుకు తీసే వేళ, చిట్టెయ్య నూనె రాసిన పలచటి కాగితం పట్టుకుని గోడ దగ్గరికి వెళ్ళాడు. కాగితం ఆనించి, బొగ్గుతో గీత మీద గీత లాగాడు. ఇంటికొచ్చి ఆ గీతల వెంట సూదితో చిల్లులు పొడిచాడు. గుమ్మడికాయ మీద సున్నం పూసి, ఆరాక కాగితం పెట్టి, బొగ్గుపొడి మూటతో అద్దాడు. తల్లి లేడి వచ్చింది, పిల్ల లేడి వచ్చింది, గడ్డి కూడా వచ్చింది. ఆ చూపు మాత్రం రాలేదు. దాన్ని కాగితం ఎత్తుకురాలేకపోయింది.

అయినా వీధిలో అంత అందమైన తలుపు మరొకటి లేదు. చిట్టెయ్య అరుగు మీద కూర్చుని, ఎవరూ అడగకపోయినా పక్కకు జరిగి చూపించేవాడు.

మొదట గానుగ గంగులు వచ్చాడు. "బావా, భలే లేడి. కాగితం ఒకసారి ఇద్దూ. మా సొంతానికే." చిట్టెయ్య ఇచ్చాడు. ఎలా కాదంటాడు? గంగులు దాన్ని తన తలుపు మీద అద్దాడు. చిల్లులు కాస్త చిరగడంతో లేడికి చెవులు సాగాయి.

తరువాత బడి పంతులుగారు వచ్చారు. ఆయన కాగితం అడగలేదు. గంగులు తలుపు చూసి చేత్తోనే వేసుకున్నారు. పిల్లలకు పాఠం చెప్పడానికి పనికొస్తుందన్నారు. ఆయన లేడికి కొమ్ములు వచ్చాయి. పాఠం మాత్రం రాలేదు.

చివరకు తలారి ముసలప్ప వచ్చాడు. రాజ్యరక్షణ కోసమన్నాడు. పంతులుగారి తలుపు చూసి వేసిన అతని లేడికి కొమ్ములతో పాటు గడ్డం కూడా మొలిచింది.

ఇక ఆగలేదు. ఒకరి తలుపు చూసి ఒకరు, ఆ తలుపు చూసి మరొకరు. అందరూ సొంతానికే. కొన్నాళ్ళు గడిచేసరికి వీధి నిండా లేడి తలుపులే. చివరి ఇళ్ళకు వెళ్ళేసరికి ఆ లేడి మేకయింది. వీధి చివర బసవమ్మ తలుపు మీద కుక్కయింది. తోక ఊపుతున్నట్టు కూడా ఉంది.

వరాలమ్మను పిలిచేవాళ్ళు లేకపోయారు. ఎందుకు పిలవడం లేదో చూద్దామని ఒకరోజు ఆవిడే వీధిలోకి వచ్చింది. ఆ చివర నుంచి ఈ చివరికి నడిచింది. ఒక్కో తలుపు దగ్గర ఆగి చూసింది. అరుగుల మీద ఉన్నవాళ్ళందరికీ ఇంట్లో పనులు గుర్తొచ్చాయి.

దొరికిపోయింది గంగులు ఒక్కడే. "మా సొంతానికే వరాలమ్మా. అమ్ముకుంటున్నామా ఏమిటి?" అన్నాడు.

"ఒక్కరి సొంతానికైతే నేనూ నవ్వి ఊరుకునేదాన్ని గంగులూ. ఊరందరి సొంతాలూ కలిసి నా పొయ్యి ఆర్పేశాయి," అంది వరాలమ్మ. "ముందు ఎవరు తీశారు?"

గంగులుకు దగ్గు వచ్చింది. చాలాసేపు వచ్చింది. చిట్టెయ్య తన కొట్లో బెల్లం అచ్చులన్నీ సరిగా ఉన్నాయో లేదో చూసుకుంటూ తల ఎత్తలేదు.

వరాలమ్మ ఇంటికి వెళ్ళి సున్నం కలుపుకుని, గోడ మొత్తం తెల్లగా పూసేసింది. లేడి పోయింది. దాని పక్కన సగం వేసి ఉంచిన కొంగలు పోయాయి. పొద్దున్నే గోడ చూడటానికి వచ్చిన పిల్లలు కాసేపు తెల్లగోడను చూసి వెళ్ళిపోయారు.

చిట్టెయ్య మనసు అప్పుడు కలుక్కుమంది. వెళ్ళి చెప్పేద్దామని మూడుసార్లు బయలుదేరాడు. మొదటిసారి ఆవిడ వంట చేసుకుంటోంది, పొగలో బాగుండదని వచ్చేశాడు. రెండోసారి వాన వచ్చింది. మూడోసారి ఏ అడ్డమూ రాలేదు. అందుకే భయమేసి వచ్చేశాడు.

ఇంతలో తలుపులన్నీ ఒకటే కావడం వల్ల రాజ్యంలో కొన్ని చిక్కులు వచ్చాయి. గంగులు కొత్తల్లుడు తొలిసారి అత్తవారింటికని వచ్చి, ఎదురింటి లేడి తలుపు తోసుకుని లోపలికి పోయాడు. వాళ్ళు ఎవరో చుట్టమనుకుని గారెలు వండి పెట్టారు. నాలుగో రోజున నిజం తెలిసింది. అల్లుడికి ఆ ఇల్లే నచ్చింది, కదలనన్నాడు. తరువాత, పంతులుగారికి గడ్డం గీయడానికి వచ్చిన మంగలి ఎల్లయ్య, లేడి తలుపు అరుగు మీద పడుకున్న మనిషిని చూసి పని మొదలుపెట్టాడు. ఆ మనిషి తలారి ముసలప్ప. లేచేసరికి మీసం లేదు. ముసలప్ప ముక్కుకి గుడ్డ కట్టుకుని చాలాకాలం తిరిగాడు. శత్రువులెవరూ రాకపోవడం రాజ్యం అదృష్టం.

ఇవన్నీ చెప్పుకుని ఊరు నవ్వుకుంది. మూడోదానికి ఎవరూ నవ్వలేదు.

ఆ రోజు సంత. వీధిలో తలుపులు తప్ప మనుషులు లేరు. పొద్దెక్కే వేళకు సీతాలుకు నొప్పులు మొదలయ్యాయి. చిట్టెయ్య పక్క పేటకు పరుగెత్తి, మంత్రసాని నరసమ్మను కేకేశాడు.

"అత్తా, మా ఇంట్లో నొప్పులు. లేడి తలుపు." అని, ఊరి అలవాటు ప్రకారం వెనక్కి చూడకుండా ఇంటికి పరుగెత్తుకొచ్చేశాడు. నీళ్ళు పొయ్యి మీద పెట్టాడు. సీతాలు అతని చెయ్యి పట్టుకుంది. ఇక వదల్లేదు.

నరసమ్మ వీధి మొదట్లోకి వచ్చి నిలబడింది. ఆవిడ ఆ వీధికి వచ్చి చాలాకాలమైంది. కుడివైపు చూసింది. లేడి. ఎడమవైపు చూసింది. లేడి. ఒక తలుపు కొట్టింది, తాళం. ఇంకో తలుపు కొట్టింది, చెవుడున్న ముసలాయన వచ్చి, సంతకు వెళ్ళారు రేపు రా అని తలుపేసుకున్నాడు.

లోపలి నుంచి చిట్టెయ్యకు ఆవిడ గొంతు వినిపించింది. దగ్గరికొచ్చి, మళ్ళీ దూరమవుతోంది.

"లేడి తలుపు అత్తా," అని అరిచాడు.

"ఏ లేడి నాయనా?" అని వీధిలోంచి జవాబు వచ్చింది.

ఇళ్ళన్నీ ఒకే ఎత్తు కావడంతో అతని అరుపు వీధంతా ఒకేలా మోగింది. ఎటు నుంచి వస్తోందో నరసమ్మకు తెలియలేదు. ఇంకేం చెప్పాలో చిట్టెయ్యకు తెలియలేదు. గుమ్మడికాయ తలుపు అందామంటే గుమ్మడికాయ లేదు. సీతాలు పళ్ళు బిగించింది.

"నాకేమైనా అయితే పిల్లనైనా," అంది. మళ్ళీ నొప్పి వచ్చి అతని చెయ్యి ఇంకా గట్టిగా బిగించింది.

చిట్టెయ్యకు చెయ్యి విడిపించుకుని పోవాలని ఉంది. ఆ చెయ్యి విడిపించుకోవడం అతనివల్ల కాలేదు. "లేడి తలుపు," అని మళ్ళీ అరిచాడు, ఏడుస్తూ.

నొప్పులున్న ఇల్లూ, ఆ చెవుడున్న ముసలాయనా కాక, ఆ రోజు సంతకు వెళ్ళనిది వరాలమ్మ ఒక్కతే. కొనడానికి ఏమీ లేక వెళ్ళలేదు. కేకలు విని వచ్చింది. వీధి చివర బసవమ్మ తలుపు ముందు నరసమ్మ వగరుస్తూ నిలబడి ఉంది.

"ఎవరిల్లే ఇది? అన్నీ ఒకలాగే ఏడ్చాయి," అంది నరసమ్మ.

"ఎవరింట్లో నొప్పులు?"

"చిట్టెయ్యగారింట్లో. ఏ తలుపో తెలియక చస్తున్నాను."

వరాలమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఈ పాపం మొదట ఎవరు చేసి ఉంటారో ఆవిడకు అప్పుడు తట్టింది. బిడ్డ కోసం ఎదురుచూసే ఇంటివాడికే ఆ తల్లి లేడి అందరికంటే ముందు కావాలనిపించి ఉంటుంది. గుమ్మడికాయ పోయిన తలుపు ఏదైతే, తన లేడికి అందరికంటే దగ్గరగా ఉన్న తలుపు అదే.

నరసమ్మ చెయ్యి పట్టుకుని నడిచింది. "ఇది కుక్క. దీనికి తల్లి ఆ మేక. పద. ఈ మేక ఆ గడ్డం లేడిని చూసి పుట్టింది. ఆ గడ్డం పంతులుగారి కొమ్ముల్లోంచి వచ్చింది. ఇదిగో, ఇక్కడ కొమ్ముల్లేవు, చెవులు సాగాయి. ఇంకొంచెం ముందుకు పద." ఒక్కో తప్పును వెనక్కి తుడుచుకుంటూ పోతున్నట్టు తలుపు తరువాత తలుపు దాటింది. చివరకు ఒక తలుపు ముందు ఆగింది. చెవులు సరిగ్గా ఉన్నాయి. గడ్డి సరిగ్గా ఉంది. చూపు మాత్రం లేదు.

"ఇదే. దీని తరువాత ఇక నా గోడే," అంది.

తలుపు తోసింది.

చిట్టెయ్య తలెత్తి చూశాడు. గడపలో వరాలమ్మ. ఆవిడ ఆ తలుపు ఎలా కనుక్కుందో అతనికి ఒకరు చెప్పనక్కరలేకపోయింది.

"నువ్వేనా?" అంది వరాలమ్మ.

"నేనే అక్కా."

"నీళ్ళు కాగాయా?"

"కాగాయి."

"అయితే బయటికి పో."

నరసమ్మ ఒకవైపు, వరాలమ్మ ఒకవైపు కూర్చున్నారు. చిట్టెయ్య అరుగు మీద, తను దొంగిలించిన లేడి కింద, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని కూర్చున్నాడు. చీమలు వరసగా వచ్చి అతని కాళ్ళ మీద నుంచి కొట్లోకి వెళ్ళాయి. ఒక్కదాన్నీ ఏమీ అనలేదు.

పొద్దు వాలుతుండగా లోపల పసిపిల్ల ఏడ్చింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం.

రాజ్యం చిన్నది కాబట్టి ఆ ఏడుపు రాజుగారికి కూడా వినిపించింది. ఆయన కిరీటం పెట్టుకోకుండానే వచ్చారు. సంత నుంచి జనం వచ్చారు. ముసలప్ప ముక్కుకి గుడ్డతోనే వచ్చాడు. అందరి ముందూ చిట్టెయ్య లేచి నిలబడ్డాడు.

"మహారాజా, ముందు తీసింది నేనే. సొంతానికే కదా అనుకున్నాను. గోడ మీద బొమ్మ గోడ మీదే ఉంది కదా అనుకున్నాను. ఇవాళ నా ఇల్లు మంత్రసానికి దొరకనంత పనయింది." తరువాత వరాలమ్మ వైపు తిరిగాడు. "అక్కా, అప్పుడు అడగలేదు. ఇప్పుడు అడుగుతున్నాను. నీ లేడిని మా తలుపు మీద ఉంచుకోనా? ఏడాది పొడుగునా నీకు కావలసిన వడ్లు, బెల్లం నేను పంపిస్తాను."

జనం చీర కొంగులు కళ్ళకు అద్దుకోవడానికి సిద్ధంగా పట్టుకున్నారు. ప్రాణం నిలబెట్టిన మనిషి బొమ్మ ఇవ్వదా? రాజుగారు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు.

వరాలమ్మ చేతిలో ఉన్న పసిపిల్లను కాస్త పైకి సర్దుకుంది.

"వద్దు," అంది.

కొంగులు అలాగే ఆగిపోయాయి. రాజుగారు నవ్వు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక కొంచెం ఇబ్బంది పడ్డారు. చిట్టెయ్యను పక్కకు పిలిచి, "నన్ను ఆజ్ఞ ఇమ్మంటావా? ఇస్తే ఆవిడ వేసి తీరాలి," అన్నారు. ఆయనకు ఆజ్ఞలిచ్చే అవకాశం ఏడాదికొకసారి కూడా వచ్చేది కాదు.

చిట్టెయ్య తలుపు వైపు చూశాడు. లోపల మంచం మీద ఉన్న సీతాలు వైపు చూశాడు.

"వద్దు మహారాజా. అడిగాను, వద్దంది. అంతే," అన్నాడు. బిందెడు నీళ్ళు, కొబ్బరి పీచు తెచ్చుకుని, చీకటి పడేలోపు లేడిని తనే కడిగేశాడు.

ఆవిడ ఎందుకు వద్దందో పూసలమేడలో ఇప్పటికీ మూడు రకాలుగా చెప్పుకుంటారు. కోపమని కొందరు. ఆ లేడిని ఇంకెవరికో వేస్తానని మాట ఇచ్చిందని కొందరు. చిట్టెయ్యకు బుద్ధి రావాలని కొందరు. మూడూ కాదు. ఆవిడకు ఇష్టం లేదు, అంతే. పసిపిల్ల అంటే మాత్రం ఇష్టమే. రోజూ వచ్చి నలుగు పెట్టి, కాళ్ళ మీద పడుకోబెట్టుకుని స్నానం చేయించి వెళ్ళేది.

మర్నాటినుంచి మిగతావాళ్ళూ తలుపులు కడుక్కుని వరాలమ్మ ఇంటి ముందు వరసలో నిలబడ్డారు. అడిగిన బొమ్మల్లో ఆవిడ కొన్నిటికి సరేనంది, కొన్నిటికి కాదంది. గంగులు తలుపు మీద తాబేలు వచ్చింది. పంతులుగారికి కోతి వచ్చింది. ఆయన హంస అడిగారు. బసవమ్మతో మాత్రం, కుక్కను అలాగే ఉంచుకో అంది వరాలమ్మ. అది లేడి కాదు, దానిలో తనదేమీ మిగల్లేదు అంది. తెల్లగోడ మీద మళ్ళీ బొమ్మలు వచ్చాయి.

చిట్టెయ్య ఇంకో బొమ్మ అడగలేదు. అడుగుదామనుకుంటూనే ఉన్నాడు. ఈలోగా ఊరంతా బొమ్మల తలుపుల మధ్య ఏ బొమ్మా లేని తలుపు అదొక్కటే అయింది. అతని కూతురిని బోసి తలుపు పిల్ల అన్నారు. పూసలమేడలో ఆ ఇంటికి రావలసినవాళ్ళు ఆ తరువాత ఎవరూ దారి తప్పలేదు.

కాబట్టి పిల్లలూ, ఇంకొకరు చేసిన బొమ్మ కళ్ళెదుట ఊరికే ఉన్నా, మన సొంతానికే అయినా, ముందు అడగాలి; అడిగినప్పుడు వద్దంటే వినాలి.